పైడితల్లికి నేను వేసిన సున్నా

2023, వర్షాలు మొదలైన వారం. భిలాయిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మేట్రన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆసుపత్రి పేరు చెప్పను. వాళ్ళు ఎవరికీ ఏ అన్యాయమూ చెయ్యలేదు. చేసింది నేను.

అప్పటికి నేను ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళు. కొన్నేళ్ళు సెక్టర్ 4లో ఒక బడిలో, తర్వాత మా క్వార్టరు ముందుగదిలో స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచ్‌లు. బ్యాచ్ అంటే ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్న పది పన్నెండు మంది గుంపు. నర్సింగ్ చదివే అమ్మాయిలు, ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడ్డ ఉక్కు ప్లాంటు ఉద్యోగులు, పెళ్ళయి వచ్చి హిందీ కూడా రాని కొత్త కోడళ్ళు, అందరూ ఆ గదిలో నా ముందు కూర్చున్నవాళ్ళే. వెర్బ్స్, అంటే క్రియాపదాలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు ఈ ఊళ్ళో లేరని నలుగురూ అనేవారు. వాళ్ళకంటే గట్టిగా ఆ మాట నేను నమ్మాను.

మేట్రన్ కేరళ మనిషి. ఆసుపత్రిలో నర్సులందరికీ పై అధికారి. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమె చెప్పిన ఇబ్బంది ఇది. డాక్టర్లు తలా ఒక రాష్ట్రం నుంచి వచ్చారు, వార్డులో ఇంగ్లీషే మాట్లాడతారు. నర్సులకు అర్థమవుతుంది. కానీ రోగిని పక్కకు తిప్పేది, లేపి కూర్చోబెట్టేది, శుభ్రం చేసేది ఆయాలు. నర్సు వేరే మంచం దగ్గర ఉన్నప్పుడు డాక్టర్ నేరుగా ఆయాకి పని చెప్తే ఆమె బిక్కమొహం వేసుకుని నిలబడుతోంది.

“గ్రామర్ వద్దు మేడమ్. యాభై వెర్బ్స్ చాలు. చెప్పింది విని చెయ్యగలగాలి, అంతే” అన్నారు మేట్రన్.

ఆరు వారాలు, పన్నెండుమంది ఆయాలు, రోజూ షిఫ్టు మారే మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి వరకు. ఆఖర్న ఒక పరీక్ష. పన్నెండుమందీ ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళే, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళే. పరీక్షలో పైన నిలిచిన ఆరుగురిని ఆసుపత్రి పర్మనెంట్‌గా తీసుకుంటుంది. ఇది వాళ్ళకు ఎంత పెద్ద విషయమో మొదటిరోజే తెలిసింది. మూడింటి క్లాసుకి నాకంటే ముందే వచ్చి, తలదువ్వుకుని, కొత్త నోటుపుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నోటుపుస్తకం లేకుండా కూర్చున్నది ఒక్క పైడితల్లి. నలభై నాలుగేళ్ళ మనిషి. విజయనగరం వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది, భిలాయిలోనే కోహ్కాలో కాపురం. భర్త ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర బరువులెత్తే ఖలాసీగా చేసి, నడుం దెబ్బతిని ఇంట్లోనే ఉంటున్నాడు. కాంట్రాక్టు ఆయాలను నలభై ఐదు నిండితే ఉంచరు. అంటే ఈ పరీక్షలో రాకపోతే వచ్చే ఏడు ఆమెకు పని లేదు. ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

“మేడమ్, నాకు రాత రాదండి. తెలుగులో పేరెట్టగలను, అంతే. ఇనీసి గుర్తెట్టుకుంతాను. పర్లేదేటి?” అంది.

“పర్వాలేదు, మనకి కావలసింది వినడమే” అన్నాను.

నా పద్ధతి చాలామందికి తెలిసిందే. బోర్డు మీద వెర్బ్ మూడు రూపాలు రాస్తాను. పక్కన తెలుగు అర్థం, హిందీ అర్థం, కింద ఒక వాక్యం. తర్వాత డ్రిల్, అంటే అందరిచేతా గట్టిగా, మళ్ళీమళ్ళీ అనిపించడం. హోల్డ్, హెల్డ్, హెల్డ్. పట్టుకొను. షి హోల్డ్స్ ఎ బాటిల్. ఈ డ్రిల్‌తో నేను ఎంతమందినో గట్టెక్కించాను. వీళ్ళ దగ్గర మాత్రం మూడు వారాలు గడిచినా బండి కదల్లేదు. బోర్డు మీద ఉన్నంతసేపూ అర్థం చెప్తారు. తుడిచి, ‘అబ్జర్వ్ ద పేషెంట్’ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ళ తప్పు కాదు. వాచ్‌కి చూచుట అని రాశాను, చెక్‌కి చూచుట అని రాశాను, అబ్జర్వ్‌కి కొంచెం పెద్దరికం ఉండాలని పరిశీలించుట అని రాశాను. పరిశీలించుట అన్న మాట వాళ్ళలో ఎవరూ జన్మలో అని ఉండరు.

నాలుగో వారంలో ఉన్నట్టుండి అంతా మారింది. నేను అడగడం ఆలస్యం, జవాబులు వచ్చేస్తున్నాయి. చేతులు కదుపుతూ, నవ్వుకుంటూ చెప్తున్నారు. ‘ఎలివేట్ ద లెగ్’ అంటే ఒకావిడ లేచి పక్కావిడ కాలికింద తన సంచి దూర్చేసింది. నా డ్రిల్ ఫలించిందని పొంగిపోయాను. ఇంటికి వెళ్ళి మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను. మేట్రన్‌కి కూడా చెప్పాను.

ఆ వారంలోనే ఒకరోజు, వాన పట్టేలా ఉందని గంట ముందు బయలుదేరి రెండింటికే ఆసుపత్రికి చేరాను. మూడో అంతస్తులో మా క్లాసు గదికి ఈవల లినెన్ రూము ఉంది. ఉతికి వచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి అక్కడ సర్దుతారు. రోజూ రెండు నుంచి మూడు వరకు ఆయాలకు అదే పని. తలుపు ఓరగా ఉంది. లోపల నుంచి పైడితల్లి గొంతు వినిపించింది. దుప్పటి ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస శాంతి పట్టుకుంది, మిగతావాళ్ళు చుట్టూ ఉన్నారు. శాంతికి ఇరవై ఆరేళ్ళు, చరోదా రైల్వే కాలనీ పిల్ల, తండ్రి యార్డులో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అక్కడే పుట్టింది కాబట్టి తెలుగులో హిందీ కలిపి మాట్లాడుతుంది.

“మీ నాన్న డ్యూటీ నించొచ్చి అన్నం తింటా ఏటి సెప్తాడు?” అంటోంది పైడితల్లి.

“ఏం చెప్తాడు దీదీ, రోజూ అదే. బండిని అవుటర్ సిగ్నల్‌లో హోల్డ్ చేసేశారు, ఇసీలియే లేటయింది అంటాడు.”

“హోల్డ్ అంటే బండిని సేత్తో పట్టుకున్నారేటి?”

“కాదు దీదీ. కదలకుండా ఆపేశారు. మళ్ళీ చెప్పేదాకా కదలకూడదు.”

“మరి డాట్రుగోరు హోల్డ్ ద ఫీడ్ అంటే?”

ముక్కు గొట్టంలోంచి రోగికి ఇచ్చే పాలు, జావ లాంటివాటిని ఫీడ్ అంటారు. శాంతి దుప్పటి మడత వేస్తూ తడుముకోకుండా చెప్పింది. “ఆపేస్తాను. మళ్ళీ చెప్పేదాకా ఇవ్వను.”

మొదటి మూడు వారాలూ నా క్లాసులో హోల్డ్ ద ఫీడ్ అనగానే పన్నెండుమందీ బాటిల్ అందుకుంటున్నట్టు చెయ్యి ముందుకు చాపేవారు. పట్టుకొను అని చెప్పిన మహాతల్లిని నేనే కదా.

తలుపు పక్కనే నిలబడి ఇంకా విన్నాను. మగవాళ్ళు డ్యూటీ నుంచి తెచ్చే మాటల్ని పైడితల్లి ఒక్కొక్కరి దగ్గరా అడిగి తీసుకుంటోంది. వాటికి ఆమె పెట్టిన పేరు డ్యూటీ మాటలు. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే ఇది. షిఫ్టు దిగి వచ్చిన మనిషి కంచం ముందు కూర్చుని, ఏ లైను ఐసొలేట్ చేశారో, ఏ ట్యాంకు డ్రెయిన్ చేశారో, ఏ పైపు క్లాంప్ చేశారో చెప్తూనే తింటాడు. వడ్డించే ఆడమనిషి ఇరవై ఏళ్ళుగా వింటూనే ఉంటుంది. ఐసొలేట్ అంటే పక్కవాటితో సంబంధం తెంపెయ్యడమని, క్లాంప్ అంటే కారకుండా నొక్కి బిగించడమని ఆమెకు ఎప్పుడో తెలుసు. అది ఇంగ్లీషని, ఆసుపత్రిలో కూడా అదే మాటని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నాకు తట్టనే లేదు.

డ్యూటీ మాటల్లో దొరకనివాటికి పైడితల్లి వంటింటికి పోయింది.

“వాచ్ అంటే పొయ్యి మీద పాలెట్టీసి సూస్తాం, అది. కన్ను తిప్పకూడదు. చెక్ అంటే అన్నం మెతుకు నొక్కి సూస్తాం, అది. ఒక్కసారి సూసీసి ఎల్లిపోవొచ్చు. మరి అబ్జర్వ్ అంటే ఏటి?”

అందరూ ఒక్కసారి నవ్వారు. ముందే చెప్పుకున్నదే అన్నమాట. “కొత్త కోడల్ని చూడ్డం.”

“అదీ. రోజంతా సూడాలి. మనం సూస్తన్నట్టు దానికి తెలీకూడదు. ఏటీ అనకూడదు. సూసిందంతా తరవాత అత్తకి సెప్పాలి. ఇక్కడ అత్తెవరు?”

“సిస్టర్.”

ఇరవై నాలుగేళ్ళలో వాచ్‌కీ అబ్జర్వ్‌కీ తేడా ఇంత బాగా నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. మా ఇంట్లో నాలుగు నిఘంటువులు ఉన్నాయి. వాటిలోనూ లేదు.

అప్పుడు నేను చెయ్యవలసింది తేలికైన పనే. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, భలే చెప్తున్నావు పైడితల్లీ అనాలి. నేను చప్పుడు కాకుండా మెట్లు దిగి, కింద క్యాంటీన్‌లో మూడింటిదాకా కూర్చున్నాను. నాకు కడుపు మండిపోయింది. ఇంతకంటే మర్యాదైన మాట దానికి లేదు. ఎమ్మే చదివింది నేను, బోర్డు ముందు నిలబడేది నేను, మేట్రన్ నమస్కారం పెట్టేది నాకు. పాఠం చెప్తున్నది మాత్రం దుప్పట్లు మడతపెట్టే మనిషి. పైగా నేను మేట్రన్ దగ్గర గొప్పలు పోయిన ఆ జవాబులన్నీ ఆమెవి.

క్లాసులో మామూలుగా ఉండాలనుకున్నాను, ఉండలేకపోయాను. “ఈ కొత్త అర్థాలు మీకెవరు చెప్పారు?” అని అడిగాను.

అందరూ పైడితల్లి వైపు చూశారు. ఆమె కంగారుపడింది. “మీరు సెప్పినవేనండి. మడతలేసినప్పుడు మేం నాలుగుసార్లు అనుకుంతాం, అంతే.”

ఆమె నా పాఠం కాజేసిందని అనుకుందామన్నా వీల్లేకుండా చేసింది ఆ మాట. నా కుళ్ళు ఇంకా పెరిగింది. ఆ రోజు నుంచి ఆమెను ప్రశ్నలు అడగడం మానేశాను. అడిగినా, జవాబు సరిగ్గా ఉంటే ఉచ్చారణ పట్టుకునేదాన్ని. “డ్రైన్ కాదు, డ్రెయిన్. మళ్ళీ అను” అని మూడుసార్లు అనిపించేదాన్ని. ఆమె మూడుసార్లూ శ్రద్ధగా అనేది. ఉచ్చారణ కోసం అంత పట్టుదల నేను ఇంకెవరి దగ్గరా చూపించలేదు.

ఐదో వారం మేట్రన్ తన గదికి పిలిచి టీ ఇప్పించారు. “మీ పైడితల్లి ఉంది చూశారా, టీచరుగా పుట్టాల్సిన మనిషి. లినెన్ రూములో ఆమె చెప్తుంటే నేనే నిలబడి విన్నాను” అన్నారు నవ్వుతూ.

నేను కూడా నవ్వాను. టీ కప్పు కింద పెట్టి, అంతకుముందు ఐదు వారాలూ నాకు తోచని ఒక ఆలోచన బయటపెట్టాను. “పరీక్షకి రాత భాగం కూడా ఉంటే బాగుంటుంది సిస్టర్. సగం మార్కులు చేసి చూపించడానికి, సగం రాతకి. పర్మనెంట్ ఉద్యోగం కదా, ఒక స్టాండర్డ్ ఉండాలి.”

“చేసి చూపిస్తే చాలనుకున్నాను. మీకు అనుభవం ఉంది. మీరు అవసరమంటే పెట్టండి.”

అది కుట్ర అని ఆ క్షణంలో నాకు నేను ఒప్పుకోలేదు. స్టాండర్డ్ అన్న మాట నా నోట్లో ఎంతో సహజంగా వచ్చింది. ఇంటికి వెళ్తూ ఆటోలో కూడా నాకు నేనే అదే చెప్పుకున్నాను. ఎవరికి రాత రాదో నాకు మొదటిరోజు నుంచీ తెలుసు.

మర్నాడు క్లాసులో రాత పరీక్ష సంగతి చెప్పాను. యాభై వెర్బ్స్ నేను ఇంగ్లీషులో చదువుతాను, వాళ్ళు ఇంగ్లీషు స్పెల్లింగ్ రాసి, పక్కన అర్థం తమకు వచ్చిన లిపిలో రాయాలి. పైడితల్లి తల ఎత్తి నా వైపు చూసింది. మిగిలిన వారం రోజులూ లినెన్ రూములో ఆమె మిగతావాళ్ళకు మాటలు చెప్తూనే ఉందని తర్వాత తెలిసింది. తనకు అక్షరాలు నేర్పమని నన్ను అడగలేదు. వారంలో అది అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు.

పరీక్ష రోజు పొద్దున చేసి చూపించే భాగం. శిక్షణ గదిలో మంచం మీద మనిషంత బొమ్మ. ఒక యువ డాక్టర్ ఇంగ్లీషులో పని చెప్తాడు, ఆయా చెయ్యాలి, మేట్రన్ మార్కులు వేస్తారు. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. పైడితల్లి వంతు వచ్చేసరికి ఆమె తడబడితే బాగుండునని కోరుకున్నాను. ఎలివేట్ అన్నాడు డాక్టర్, బొమ్మ కాలికింద దిండు చేరింది. హోల్డ్ ద ఫీడ్ అన్నాడు, గొట్టానికి క్లాంప్ పడింది. ఆఖర్న ‘అబ్జర్వ్ హిమ్ అండ్ ఇన్ఫార్మ్ ద సిస్టర్’ అని, బొమ్మను తీసేసి తనే మంచం మీద పడుకున్నాడు. పైడితల్లి స్టూలు మీద కూర్చుని దుప్పటి సర్దుతున్నట్టు సర్దుతూ అతని ఛాతీకేసి చూసింది. కాసేపటికి అతను గబగబా ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. ఆమె కంగారుపడకుండా లేచి మేట్రన్ దగ్గరికి వచ్చి, “ఫాస్ట్ బ్రీతింగ్, సిస్టర్” అంది. డాక్టర్ మంచం మీదే చప్పట్లు కొట్టాడు. పన్నెండుమందిలో ఆమెదే మొదటి స్థానం.

మధ్యాహ్నం రాత పరీక్ష. నేను ఒక్కొక్క మాటా రెండేసిసార్లు చదివాను. పైడితల్లి పెన్ను పట్టుకుని కూర్చుంది. మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. ప్రతి మాటకూ ఆమె పెదవులు కదులుతున్నాయి, అర్థం చెప్పుకుంటోందన్నమాట. గంట అయ్యాక కాగితాన్ని రెండు చేతులతో తెచ్చి నాకు ఇచ్చింది. పైన తెలుగులో పేరు ఉంది, కింద ఏమీ లేదు.

ఆ పేపర్లు ఇంట్లో దిద్దాను. అర్థాల గడిలో పదకొండుమందీ రాసినవి వరసగా చదివాను. కొందరు హిందీలో, కొందరు తెలుగులో. వాచ్ దగ్గర పొయ్యి మీద పాలు. చెక్ దగ్గర మెతుకు. హోల్డ్ దగ్గర అవుటర్‌లో బండి. అబ్జర్వ్ దగ్గర తొమ్మిదిమంది కొత్త కోడలు అని రాశారు. నేను చెప్పిన ‘పరిశీలించుట’ ఒక్కరూ రాయలేదు. పేపర్ తర్వాత పేపర్ పైడితల్లి గొంతే వినిపిస్తోంది. అన్నీ సరైనవే కాబట్టి అన్నిటికీ మార్కులు వేసుకుంటూ పోయాను. పన్నెండో పేపరు ఆమెది. దానికి సున్నా వేశాను, చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశాను. ఆ గీత గీసేటప్పుడు నాకు సంతోషంగా ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, సంతోషంగానే ఉంది.

రెండు పరీక్షల మార్కులూ కలిపితే పైడితల్లి పన్నెండో స్థానానికి పడిపోయింది. ఆరో స్థానం శాంతిది. జాబితా బోర్డు మీద పెట్టిన మర్నాడు ఆయాలందరూ మేట్రన్ గదికి రమ్మని నాకు కబురుపెట్టారు. వెళ్ళేసరికి పన్నెండుమందీ ఉన్నారు. బల్ల మీద మిఠాయి డబ్బా, ఇక్కడ నేసే కోసా పట్టు శాలువా ఉన్నాయి.

“అందరం కలిసి తెచ్చాం మేడమ్. దీదీ, పెద్దదానివి నువ్వే కప్పు” అంది శాంతి.

అందరం అంటే పైడితల్లి కూడా. ఉద్యోగం పోతున్న మనిషి నా శాలువాకి తన వంతు ఇచ్చింది. ఆమె ముందుకు వచ్చి శాలువా విప్పి నా భుజాల చుట్టూ కప్పింది. అంచు జారకుండా సర్దింది కూడా. “మీరు నేకపోతే మాకీ మాటలు వొచ్చీవి కావండి” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహంలోకి చూశాను. ఏమీ కనిపించలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళు వార్డులకు వెళ్ళిపోయాక కూడా నేను మేట్రన్ గదిలోంచి కదల్లేదు.

“ఆ రాత పరీక్ష ఎందుకు పెట్టమన్నానో తెలుసా సిస్టర్?”

“స్టాండర్డ్ కోసం అన్నారు.”

“పైడితల్లి పోవాలని పెట్టించాను. ఆమె నాకంటే బాగా చెప్తోంది. ఓర్చుకోలేకపోయాను.”

మేట్రన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. “నోటితో చెప్తే నేనేం చెయ్యలేను. రాసివ్వండి” అన్నారు.

అక్కడే కూర్చుని ఇంగ్లీషులో రాశాను. రాత పరీక్ష అనవసరంగా చేర్చబడినది, దయచేసి పరిగణించవద్దు అని. మేట్రన్ చదివి కాగితం వెనక్కి తోశారు. “చేర్చబడింది సరే. ఎవరు చేర్చారు, ఎందుకు?” ఇంకో కాగితం తీసుకున్నాను. ‘నేను చేర్చాను. ఆయాలకు ఈ మాటలు నేర్పింది పైడితల్లి. అది చూసి అసూయతో చేర్చాను’ అని రాసి సంతకం పెట్టాను. నా జీవితంలో ఇంత చిన్న ఉత్తరం రాయడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

జాబితా మారింది. పైడితల్లి మొదటి స్థానంలోకి వచ్చింది. ఆరుగురికే చోటు. శాంతి ఏడో స్థానంలో పడింది. ఉద్యోగం వచ్చిందని అప్పటికే చరోదా కాలనీ అంతా చెప్పుకున్న పిల్ల. నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను, వార్డు బయట ఆపి చెప్పాను. ఆమె చివరిదాకా విని, “గల్తీ మీది మేడమ్. నౌక్రీ నాది పోయింది” అంది. శాంతి కొన్నాళ్ళకు వేరే ఆసుపత్రిలో కాంట్రాక్టు మీదే చేరిందని విన్నాను. మార్కెట్లో ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది.

ఆ ఆసుపత్రి మళ్ళీ నన్ను పిలవలేదు. తర్వాతి బ్యాచ్‌లు పైడితల్లికే అప్పగించారు, డ్యూటీలో భాగంగా రోజుకో గంట. నిజం చెప్పాలంటే ఆ కబురు విన్నరోజు కూడా నాకు కన్ను కుట్టింది.

కొన్నాళ్ళకు ఒక శనివారం ఆమె మా క్వార్టరుకి వచ్చింది. రాయడం నేర్పమంది. వద్దనడానికి నాకు మొహం లేదు. ఏ, బీ, సీల నుంచి మొదలుపెట్టి, నాలుగు నెలల్లో యాభై మాటలూ తప్పు లేకుండా రాసింది. ఒకరోజు పలక పక్కన పెట్టాక నేనే అడిగాను, నేను చేసింది నీకు తెలుసా అని.

“తెల్సునండి. రాత టెస్టు అన్నప్పుడే తెల్సింది. నాకు రాత రాదని మొదటిరోజే మీకు సెప్పినాను కదండి.”

“మరి శాలువా ఎందుకు కప్పావు?”

“మీరు రాకపోతే మేం పన్నెండుమందిమీ ఒక్కసోట కూకునీవోళ్ళం కాదు. ఆ మాట అబద్దం కాదండి. అందుకే కప్పినాను. కోపం కోపమే ఉన్నాది. ఇప్పుడూ ఉన్నాది.”

అలా అని మళ్ళీ పలక ముందుకు జరుపుకుంది. నేను తర్వాతి మాట చెప్పాను.

అసూయపడటం మానేశానని చెప్పను. పక్కవీధిలో ఎవరో కొత్తగా ఇంగ్లీషు చెప్తున్నారని తెలిస్తే ఇప్పటికీ వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు ఎన్ని జతలున్నాయో చూసుకుంటూ నడుస్తాను. నా పనిలో మార్చుకున్నది ఒక్కటే. ఏ పరీక్షలోనైనా కొత్త భాగం చేర్చాలని, స్టాండర్డ్ పెంచాలని అనిపించినప్పుడు ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుంటాను. ఈ భాగం వల్ల ఎవరు తప్పుతారని నన్ను నేను అడుగుతాను. ఆలోచించకుండానే ఒక పేరు నా చేతికి వచ్చేస్తే, ఆ భాగం చేర్చను.